మొండికేసింది

'రెసిస్టెన్స్'కి నిఘంటువులో ఒక మాట ఉంది: నిరోధకత.
నూకరత్నం గారి ముందు పెడితే
అడ్రసు తప్పిన పార్సిల్‌లా
విప్పేవాళ్ళు లేక అలాగే ఉండిపోయింది.
మళ్ళీ చెప్పాను:
"జబ్బు మొండికేసిందండి. మామూలు మాత్రలకి లొంగట్లేదు."
ఆవిడ తలూపింది.
మొండితనం ఎరిగిన మనిషి.

ఈస్ట్ హామ్, మూడో అంతస్తు.
గదిలో గాలిని ఒక ఫ్యాను ఎటో లాగేస్తూ ఉంటుంది.
నర్సు ఎఫ్యువా, ఆవిడ, గంటల లెక్కన వచ్చే దుబాసీని నేను.
మాస్కుల బట్టలోంచి
తెలుగు వడకట్టుకుని వస్తోంది.

"ఈ ఏడాదిలో ఎవరెవరితో గాలి పంచుకున్నారు?"
ఇలాంటి ప్రశ్న తెలుగులో
నేనెప్పుడూ ఎవర్నీ అడగలేదు.
ఆస్తి పంచుకుంటారు, మాటొస్తే వాటా గోడ కడతారు,
గాలికి గోడేదీ?
ఆవిడ వేళ్ళు మడిచింది.
గదిలో నలుగురు. మేడ మీద ముగ్గురు.
పొద్దున్నే నూట పదిహేనో నంబరు బస్సు.
"బస్సంతటినీ ఏ పేరుతో రాసుకుంటారమ్మా?"
ఎఫ్యువా నవ్వలేదు. 'బస్సు' అని రాసింది.

ఆ తర్వాత లాండ్రెట్.
బార్కింగ్ రోడ్డు మీద, చలికాలమంతా కిటికీలు బిగించి,
డ్రయ్యర్ల ఉక్కలో ఆవిడ ఎవరెవరివో పక్కగుడ్డలు మడతపెడుతుంటే
ఆదివారం ఆదివారం ఒక పెద్దాయన.
దగ్గు. దగ్గుల మధ్య కబుర్లు.
"ఏం కబుర్లు?"
"ఏమోనండి. అన్నిటికీ ఎస్ అన్నాను."

కొన్ని వారాలకి కాగితాలొచ్చాయి.
క్రిములకి కూడా వంశవృక్షం గీస్తారట.
ఆవిడ ఊపిరితిత్తుల్లోవీ, ఇంకెవరి ఊపిరితిత్తుల్లోవో
ఒక కడుపున పుట్టినవట.
ఆ ఇంకెవరో ఏ దేశమూ దాటలేదు,
సముద్రమంటే సౌత్‌ఎండ్ దాకానే.
పేరు చెప్పకూడదు. చెప్పలేదు.
మొదటిరోజు నుంచీ ఆవిడది ఒకటే ప్రశ్న, "నేనే తెచ్చానా?"
పాస్‌పోర్టు సంచిలో వెతికితే దొరుకుతుందన్నట్టు.
"మీరు తేలేదు. ఇక్కడే అంటుకుంది."
ఈ వాక్యంలో ఓదార్పు ఏ పక్కనుందో
నాకు తేలలేదు.
ఆవిడే చాలాసేపటికి,
"పాపం, ఆయనకి ఎవరున్నారో," అంది.

రోజూ ఫోను కెమెరా ముందు మాత్రలు మింగి,
నోరు తెరిచి, నాలుకెత్తి చూపాలి.
మాత్రలు జీలకర్ర డబ్బా వెనక.
ఇంటి ఓనరుకి తెలిస్తే పరుపు రోడ్డు మీదే.
రెండో నెలలో పాదాలు మొద్దుబారాయి.
తిమ్మిరా అంటే కాదంది.
"తడి సాక్సు విప్పేశాక కూడా
ఇంకా కాళ్ళకే ఉన్నట్టు."
దాన్ని ఇంగ్లీషు చెయ్యడానికి నాకు నిమిషం పట్టింది.
ఎఫ్యువా మందు మోతాదు మార్చమని డాక్టరుకి రాసింది,
సాక్సు మాటతో సహా.

మార్చిలో, వరండాలో,
రెండు కుర్చీల అవతల ఒక పెద్దాయన.
పాత కోటు, కొత్త మాస్కు.
ఆవిణ్ణి చూసి ఏదో అన్నాడు:
తన నీలం దుప్పటి ఇంకా షాపులోనే ఉందా అని.
నేను నోరు విప్పేలోపే
ఆవిడ "ఎస్" అంది.
ఆయన హాయిగా వెనక్కి వాలాడు.

అప్పుడు నా వైపు వంగి అడిగింది,
"ఏమన్నాడండీ?"