లాభం, రెండు, మూడు

తరమణిలో మా ల్యాబు వెనక రేకుల షెడ్డు.
సుత్తి నాలుగున్నర కిలోలు.
మూరెడెత్తు నుంచి వదలాలి, విసరకూడదు.
సుత్తి కింద ఉక్కు గోళీ,
గోళీ కింద బిళ్ళ:
చాచిన పంజా వెడల్పు, మూడు వేళ్ళ మందం.

పెంచలయ్య ఎత్తుతాడు. నేను రాస్తాను.
రెడ్‌హిల్స్ రైస్‌మిల్లులో వాళ్ళ తాత
వడ్లు కొలిచిన లెక్కే ఇతనికీ వచ్చింది.
"లాభం. రెండు. మూడు."
ఒకటి అనడు.
ఏడు అసలే అనడు, అంటే ఏడుపట.
"ఆరున్నొకటి" అని సుత్తి వదిలి
నా పెన్ను వైపు అనుమానంగా చూస్తాడు,
నేను ఏ అంకె వేశానోనని.

బిళ్ళలో సిమెంటు చిటికెడు లేదు.
ఎన్నూరు బూడిద, ఇనుప చిట్టెం,
చేతి తొడుక్కి చిల్లుంటే వేలు కాల్చే క్షారం.
అత్తిపట్టులో ఇతని అక్క
ఆరేసిన చీరల్ని రోజూ రెండుసార్లు దులుపుతుంది.
"ఆమె దులిపి పారేసేదాన్ని
మీరు సంచీకెత్తి తెస్తారు మేడమ్,
ఆటో డబ్బులిచ్చి మరీ."

పొద్దున పోగుల్లేని బిళ్ళలు కొట్టాం.
పన్నెండో దెబ్బకి వెంట్రుకంత గీత.
గీత అని రాస్తున్నాను,
పద్నాలుగుకి రెండు చెక్కలు.
ముందు చెప్పలేదు, మూలగలేదు.

మధ్యాహ్నం ఉక్కు పోగులవి.
రెండు కొసలా కొక్కెం వంచిన పోగులు,
చెవిపోగు తీగంత సన్నం.
నలభై ఒకటికి గీత పడింది.
యాభై, అరవై.
టంగుమన్న చప్పుడు
తడి గోనె మీద కొట్టినట్టు మొద్దుబారింది.
గీత కొంచెం నోరు తెరిచింది.
లోపల పోగులు సాగుతూ
ఊడుతూ
ఊడకుండా.

పెంచలయ్య చొక్కా వీపుకి అంటుకుంది.
ఏప్రిల్, మూడున్నర, కరెంటు ఉంది కానీ ఫ్యాను లేదు.
"పగిలింది కదా మేడమ్, ఇంకా ఎందుకు కొట్టడం?"
పగలడం వేరు, విరగడం వేరన్నాను.
బిళ్ళ చుట్టూ నాలుగు ఇనప చెవులు,
ముక్కలు జరిగి మూడింటిని తాకితేనే
మా పుస్తకంలో విరిగినట్టు.
సుత్తి నేల మీద ఆనించి
కాసేపు ఆ చెవులనే చూశాడు.
"ఎవరు పెట్టారో గానీ
మనుషులకి కూడా ఇట్టా ఓ లెక్క ఉంటే బాగుణ్ణు."
మళ్ళీ ఎత్తాడు.

ఒకే రోజు, ఒకే తొట్టిలో కలిపినవి.
నిన్నటిది అరవై మూడుకి విరిగింది,
దాని పక్కది నూట నలభై దాకా నిలిచింది.
మా గైడు సగటు తీయమంటాడు.
సగటు దగ్గర విరిగిన బిళ్ళ
ఇంతవరకూ ఒక్కటీ లేదు.

"తొంభైయారు.
తొంభైయారున్నొకటి."
మూడో చెవి తాకింది.
తొంభై ఏడు, నేను మెల్లగా రాశాను,
అతనికి కనపడకుండా అరచెయ్యి అడ్డం పెట్టి.

ముక్కలెన్ని అని చివర ఒక గడి ఉంది.
శిథిలాల కుప్పలో వేద్దామని
ఒక అంచు పట్టి లేపాడు.
మొత్తం లేచింది.
అటూ ఇటూ మెలితిప్పాడు, కిర్రుమంది, రాలేదు.
"ఎన్ని, పెంచలయ్యా?"
"లాభం."

గడి ఖాళీగానే వదిలేశాను.
ఇంకా పదకొండు బిళ్ళలున్నాయి.
అతను భుజం మార్చుకుని
గోళీ తుడుస్తున్నాడు.