డేగ బొమ్మ

కాగితపు సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది మైతే గోయెనెచే.
నల్లటి అల్యూమినియం ముక్క,
మూల మీద గోరు గీరినట్టు తెల్లటి చార.
"యాభై డాలర్లు. మచ్చ ఉందని తగ్గించారు.
పేరున్న రిసీవరైతే నూట ముప్ఫై.
చెప్పు ట్వెట్, నన్ను ముంచారా?"

ఎల్కో దాటాక, రూబీ కొండల కింద,
దాణా కొట్టు వెనక నా షాపు.
అక్టోబరు. స్టవ్ ఇంకా రాజుకోలేదు.
గొర్రెలు కొండ దిగే వారం,
కొయోట్లు తమ లెక్క తాము వేసుకునే వారం.

వెంటనే చెప్పలేదు నేను.
ఇరవై రెండేళ్లు కనెక్టికట్‌లో
పేరున్న ఫ్యాక్టరీలో
పేరు చెక్కే మిషను దగ్గర నిలబడ్డవాణ్ణి.
ఒకే సమ్మెట కింద అణిగిన ముక్కలు
ఒకే లారీలో వచ్చేవి,
సగం మా గుమ్మంలో, సగం రోడ్డు అవతలి వాళ్లకి.
మేం డేగ బొమ్మ వేసేవాళ్లం.
వాళ్లు ఏమీ వేసేవాళ్లు కాదు.
ఎనభై డాలర్ల డేగ!

కానీ మా దగ్గర ఎడ్నా కొవాల్‌చిక్ ఉండేది.
రెండు పిన్నులు పట్టుకుని కిటికీ పక్కన కూర్చునేది.
దూరాల్సిన పిన్ను దూరాలి,
దూరకూడనిది దూరకూడదు.
వెంట్రుకవాసి తేడా వచ్చినా ఎర్ర డబ్బాలో పడేసేది,
మాట్లాడకుండా, చూయింగ్ గమ్ నములుతూ.
ఆవిడ సెలవు పెట్టిన శుక్రవారాల సంగతి
కొన్నవాళ్లెవరికీ తెలీదు.
ఆ శుక్రవారాల మీద కూడా డేగే ఉంది.

అద్దాలు పెట్టుకున్నాను. కొలిచాను.
ఖాళీ మ్యాగజైన్ దూర్చి మీట నొక్కితే
తనంతట తానే జారి చేతిలో పడింది.
వెనక పిన్ను మాత్రం మొండికేసింది,
కొత్త చెప్పు కరిచినట్టు.
"నాలుగు రోజులు వాడితే సర్దుకుంటుంది."

తమాషా ఏమిటంటే, చట్టానికి ఇదే తుపాకి.
గొట్టం కాదు, గుండు కాదు,
పేలుడు తగిలే చోటైనా కాదు.
నంబరు మాత్రం దీని మీదే,
ఏ పనీ చెయ్యని ఇంటిపెద్దలా.

"మరి ఆ ఎనభై ఎందుకు?"
గోడ మీది పాత టెలిఫోన్ చూపించాను.
"వంకర తేలితే ఫోన్ చేస్తావు.
అవతల ఎవరో రిసీవర్ ఎత్తుతారు.
ఎత్తే ఆ చేతికి ఎనభై."
సంచి మీద నంబరుంటే తిప్పి చూశాను.
మోగింది. మోగుతూనే ఉంది.
మైతే పడీ పడీ నవ్వింది.
"మా కొండ మీద సిగ్నల్ ఎక్కడిది,
చెయ్యడానికైనా?
ఆ ఎనభైతో బెల్ట్సా పొట్టకి కుట్లు వేయించాను.
కుక్క బతికింది."

పిన్నుకి నూనె రాసిచ్చాను.
ఐదు డాలర్లు పుచ్చుకున్నాను.

మళ్లీ ఏప్రిల్లో వచ్చింది, బూట్ల నిండా బురద.
రిసీవర్ పగిలి ఉంటుందనుకున్నాను.
నిజం చెప్పాలంటే, పగిలితే బాగుండనుకున్నాను.
ఇరవై రెండేళ్లు ఊరికే పోతాయా మరి.

యాభై డాలర్ల ముక్క చెక్కుచెదరలేదు.
చార అలాగే ఉంది.
విరిగింది లోపలి స్ప్రింగు.
దాని పాకెట్ తెచ్చింది, మడిచి జేబులో పెట్టుకుని.
పాకెట్ మీద డేగ.

ఫోన్ చేశాను.
రెండో మోతకే ఎత్తారు.
కుర్ర గొంతు, ఎంతో మర్యాద.
క్షమించమన్నాడు, కొత్తది పంపుతానన్నాడు,
ఇంకేమైనా కావాలా అని అడిగాడు.

ఇంకేమైనా కావాలా అని నేను మైతేని అడిగాను.
గుమ్మం దగ్గర చేతి తొడుగులు వేసుకుంటోంది.
"మంగళవారం రాత్రి రెండు పిల్లలు పోయాయి," అంది.
"తల్లి ఇంకా అక్కడే తిరుగుతోంది."

హలో, హలో, అంటున్నాడు ఆ కుర్రాడు.
రిసీవర్ నా చేతిలోనే ఉంది.