గాలం దారం

హమామత్సులో మా బడి నియమాల పుస్తకం,
ముప్ఫై రెండో పేజీ: చెవిపోగులు కూడదు.
నాన్నకి చదివి చెప్పాను.
"తీసెయ్, ఇయారా," అన్నాడు
రాత్రి డ్యూటీ బూట్లు విప్పుతూ, సగం నిద్రలో.

ఎనిమిదో రోజునే కుట్టించిందట అమ్మమ్మ
లొండ్రినాలో, మందుల షాపులో.
నేను ఏడవనే లేదట.
శుద్ధ అబద్ధం అంటుంది అమ్మ.

పోగు తీసిన నాలుగో రోజుకే
కన్నం పూడటం మొదలైంది.
ఒంటికి ఎంత తొందరో మర్చిపోడానికి!

నాన్న గాలం డబ్బాలోంచి
గోరంత నైలాన్ ముక్క కత్తిరించి దూర్చాను.
నీళ్ళలో చేపకే కనపడనిది
ఒగావా టీచరుకేం కనపడుతుంది?

అక్కడ అందరూ నన్ను జపాను పిల్లా అనేవాళ్ళు.
ఇక్కడ హాజరు పిలిచేటప్పుడు
నా పేరు ముందు ఒక్క క్షణం ఆగుతారు.
ఆ క్షణంలో నా వేలు
చెవి తమ్మె మీదికి పోతుంది.

వారానికో ముక్క.

ఆదివారం సరస్సు గట్టున
నాన్న దారం విప్పి చూశాడు.
నా చెవి వైపు చూశాడు.
ఎర గుచ్చుకుంటూ అన్నాడు:
"ఇది మరీ లావు.
జీతం రానీ, సన్నది కొంటాను."