దుబాసీ

బరంపురం పెద్దాసుపత్రి, పదిహేడో నంబరు గది.
డాక్టరు బెహెరా ఒడియాలో అంటాడు,
దండాసమ్మ తెలుగులో వింటుంది.
మధ్యలో స్టూలు మీద నేను,
ల్యాబులో గాజుగొట్టాలు కడుక్కునేదాన్ని,
రెండు భాషలొచ్చిన పాపానికి పిలిస్తే వచ్చాను.

తెరవమంటే తెరిచింది.
అంగిలి మీద బూడిదరంగు మచ్చ, నడుమ పుండు.
నలభై ఏళ్ల అడ్డపొగ.
గోపాలపురం ఒడ్డున గాలికి చుట్ట ఆరిపోతుందని
నిప్పుకొసని నోట్లో దాచుకోవడం
అత్త దగ్గర నేర్చుకుందట.
"సేపలెండేసినప్పుడు రెండు సేతులూ కాళీ ఉండవు కదమ్మా."

ఆ పుండు ముక్క
మా ఫ్రీజరులో, మైనస్ ఎనభైలో ఉంది.
దాన్లో నేను వెతికేవి
ఇరవై రెండక్షరాల పోగులు.
ఏ ప్రొటీన్‌నీ కట్టవు, దేన్నీ మోయవు.
కణం తనకు తాను రాసుకున్న చీటీ
కదలకు, పక్కదాన్ని పట్టుకునుండు అని
బయల్దేరుతుంది.
అనువాదం జరిగే చోట
ఈ పొట్టిది వచ్చి చీటీ తోకకి అతుక్కుంటుంది.
అంతే.
చీటీ ఉంటుంది, మాట పుట్టదు.
కణం చెయ్యి వదిలేసి
మెడలోకి దారి వెతుక్కుంటుంది.

అన్నీ చెడ్డవి కావు.
కొన్ని చెడ్డ చీటీలనే నొక్కిపెడతాయి;
ఈ ముక్కలో వాటి లెక్క పడిపోయింది.
ఇంకోటి, ఉండాల్సినదానికి తొమ్మిదింతలు.
గ్రాఫు బాగా వచ్చిందని మురిసిపోయాను.
అప్పటికది మనిషి కాదు, డబ్బా మీద నంబరు.

ఏదో ఒకటి చెప్పాలని ఇదంతా ఆమెకి చెప్పాను.
"అంత సిన్నదేటి? మరే వలకి పడతాది?"

డాక్టరు ఇప్పుడు పొడుగు వాక్యం అన్నాడు.
అందులో *బేక* ఉంది, మెడ.
*బ్యాపిగలాణి* ఉంది, పాకిపోయింది.
గుమ్మంలో కొడుకు నూకయ్య
నాకు మాత్రమే కనపడేలా తల అడ్డంగా ఊపాడు.

ఆపరేషనన్నాను. కరెంటు పెడతారన్నాను.
వాక్యం తోక దగ్గర
నా నాలుక అతుక్కుపోయింది.

"ఇంకేటీ అన్లేదా?"
"లేదు."

దండాసమ్మ నా వేళ్లు లాక్కుని
దవడ కింద పెట్టుకుంది.
బఠాణీ గింజ. పక్కన మరోటి.
"కార్తీకం నుంచీ ఉన్నాయే.
ఆడికి సెప్పకు. యాటకెల్లీవోడు."

"కణ కహిలే?" అనడిగాడు డాక్టరు.
ఒడియాలో కణ అంటే ఏమిటి అని.
ఏమందామె?

ఉప్పుచేప వాసన ఆమె చేతిది
నా వేళ్లకి అంటుకునుంది.
ముగ్గురూ నా నోటివైపే చూస్తున్నారు.