చెవితో చూసిన పన్ను

ఆ వసంతం
నా చేతులకు సెలవు, చెవులకు పని.
స్టోర్నోవే రేవు పక్క వీధిలో
నా కుర్చీకి ప్లాస్టిక్ ముసుగు.
డ్రిల్లు నోరు మూసుకుంది,
దాని తుంపర్లో ఏముంటుందో ఎవరికీ తెలీదు కనక.
పైనుంచి ఉత్తరం:
సలహా, నొప్పిమాత్ర, యాంటీబయాటిక్.
వీటితో నెట్టుకు రండి.

మంగళవారం రాత్రి టోర్క్విల్ ఫోను.
పీతల పడవ అతనిది.
స్పెయిన్ లారీలు రాక
బుట్టలు గట్టు మీదే ఎండుతున్నాయి.
"ఏం లేదు, కొంచెం సలుపు" అన్నాడు.
వేలు తెగినా కొంచెమే అనే మనుషులు వీళ్లు.
నాలుగు రోజులు పంటి బిగువున ఓర్చుకుందామనుకున్నాడట.
బిగిద్దామంటే
ఆ పన్నే కదా ఒప్పుకోనిది.

లవంగనూనె అయింది. విస్కీ పుక్కిలించడమూ అయింది
(ఉమ్మాడో లేదో నేనడగలేదు).
పట్టకారు ఉడకబెట్టి బల్ల మీద పెట్టుకున్నాడు.
ముందు దాన్ని పడవలో పడేసి రమ్మన్నాను.

భార్య ఎఫీ టార్చి పట్టింది.
ఫోటో వచ్చింది:
సగం బొటనవేలు, సగం చీకటి,
మధ్యన ఉబ్బిన ఎర్రటి చిగురు.
చెట్లు లేని ఈ దీవిలో
ఆ వసంతం నేను చూసిన చిగురు అదొక్కటే.

నోట్లో రెండు వేళ్లు పడతాయా?
నాలుక కింద గట్టిగా ఉందా?
నీళ్లు తాగు, నాకు వినబడేలా.

మింగలేక కక్కలేక అని
ఊరికే అనేస్తుంటాం.
అది అక్షరాలా నిజమైన రాత్రి
తెల్లారేలోగా గొంతు పూడిపోవచ్చు.

గుటక వినబడింది.
ఫోను పక్కన పెట్టి
నేనూ ఒక గుక్క తాగాను.

మందులషాపు కుర్రాడు గోడ మీద
పొట్లం పెట్టి, ఎగిరిపోకుండా రాయి పెట్టి వెళ్లాడు.
మాత్ర మంటనే తగ్గిస్తుంది,
కింద నిప్పు అలాగే ఉంటుంది.
ఈ మాట ఎఫీకి చెప్పాను. అతనికి చెప్పలేదు.

శుక్రవారం అతని గొంతు మారింది.
వేడి దుంప నోట్లో పెట్టుకున్న మాట.
"ఇప్పుడే ఆసుపత్రికి" అన్నాను.
వాదించలేదు. అప్పుడు భయమేసింది.

గౌను, రెండు గ్లవ్‌లు, ముఖానికి అద్దం,
రొమ్ము మీద మార్కరుతో నా పేరు.
చీము వాసన మాస్కు దాటి రాలేదు,
ఇరవై ఏళ్లలో మొదటిసారి.
వేరు విరిగింది.
డ్రిల్లు నోరు విప్పక తప్పలేదు.

తర్వాత తలుపు మూశాం.
గాలి కుదుటపడడానికి గంట.
కిటికీ అద్దంలోంచి
ఖాళీ గదిని కాపలా కాశాను:
ట్రేలో రెండు ముక్కల పన్ను,
నేల మీద అతని ఉన్ని టోపీ.

జేబులో ఫోను మోగింది.
ఎవరో ముసలావిడ.
"కొంచెమే, డాక్టర్..."