మూడో వంతు

నీళ్ళలోకి నేనెప్పుడూ దిగలేదు.
గాలి నింపుతాను, అంతే.
యుకాటన్ అడవిలో, తారురోడ్డు ఆఖరైపోయే చోట
రేకుల పాకలో నా కంప్రెసర్
తెల్లారగట్ల నుంచి దగ్గుతూనే ఉంటుంది.
కోళ్ళు ఆ చప్పుడుకి అలవాటుపడ్డాయి,
ఆగిపోతేనే బెదురుతాయి.

ఇక్కడ నది కనిపించదు.
ఎంత వాన పడినా సున్నపురాయి గుటుక్కున మింగేస్తుంది.
నది ఎక్కడంటే, కాళ్ళ కిందే.
అక్కడక్కడా నేల కూలి కన్ను తెరుస్తుంది.
ఆ కంట్లోకి దిగుతారు వీళ్ళు,
చంకల కింద చెరొక సిలిండర్,
చేతిలో తాడు చుట్టిన రీలు.

విల్బర్త్ మా ఆడపడుచు కొడుకు.
దిగే ముందు నీటి యజమానికి
మొక్కజొన్న గంజి ఒక చిప్పెడు చల్లుతాడు.
చెక్ దేశం నుంచి వచ్చిన జ్దెంకా నవ్వదు,
తనూ చల్లుతుంది.

లెక్క వాడే నేర్పాడు నాకు:
గాలిలో ఒక వంతు వెళ్ళడానికి,
ఒక వంతు తిరిగి రావడానికి.
మూడో వంతు నీది కాదు, పక్కవాడిది.
ముట్టుకోకూడదు.

ముట్టుకున్నారో లేదో ముల్లు చెబుతుంది.
తిరిగొచ్చిన సిలిండర్ ముల్లు చూస్తే చాలు,
ఎవరు భయపడ్డారో, ఎవరు గొప్పలకు పోయారో,
ఎవరు రాత్రి తాగి పడుకున్నారో
నాకు తెలిసిపోతుంది.

ఒకరోజు జ్దెంకా మ్యాపు తెచ్చి వంటింట్లో పరిచింది.
పిండి అంటిన వేలితో చూపించి అడిగాను,
ఈ నల్లగీత ఎక్కడిదని.
"మీ పొయ్యి. పద్దెనిమిది మీటర్ల కింద మా తాడు" అంది.
మూడు రాళ్ళ మీద పెనం కాలుతోంది.
పాదాలు కాస్త పక్కకి జరుపుకున్నాను,
నిద్రపోయేవాళ్ళ మీద నించున్నట్టు.

లోపల వదిలిన ఊపిరి పైకి రాదట.
రాతికప్పుకి అంటుకుని
పాదరసపు మడుగుల్లా ఉండిపోతుందట.
అంటే నేను అమ్మిన గాలి
నా వంటింటి కిందే ఉందన్నమాట.

అక్కడే ఒక బకెట్టు కూడా ఉందన్నాడు విల్బర్త్.
మూసేసిన బావికి కాస్త ఇవతల, మెత్తటి బురదలో, నిటారుగా,
ఎవరో ఇప్పుడే దించి వెళ్ళినట్టు.
చెవికి ఒకవైపు తీగ కట్టి ఉందా?
ఉంది.
ఆ తీగ మా ఆయన ఫుల్హెన్సియో కట్టాడు.
తాడు తెగిన రోజు
ఆయన్ని నేనన్న మాటలు ఇక్కడ చెప్పను.
మళ్ళీ వాన మొదలయ్యేలోపే పోయాడు.

పైకి తెమ్మని అనలేదు.
లోపలిది లోపలే ఉండాలి, అది వాళ్ళ నియమం.
బురద లేచిందంటే గంటలకొద్దీ గుడ్డితనం.

మంగళవారం ముల్లు తక్కువ చూపించింది.
మూడో వంతులోకి వెంట్రుకవాసి దిగింది.
ఏమైందిరా అన్నాను.
వాడు కడిగిన టార్చినే మళ్ళీ కడుగుతున్నాడు.

చివరికి చెప్పాడు.
బకెట్టు బోర్లించి
దాని కింద రెండు ఊపిర్లు వదిలాడట.
అది బురద విదిల్చుకుని, తొందర లేకుండా లేచి,
కప్పుకి తగిలి ఠంగుమందట.
ఆ తరవాత లోకమంతా పాలు.
తాడుని వేళ్ళతో చదువుకుంటూ బయటపడ్డాడు.

చెంప మీద ఒకటి ఇచ్చాను.
తరవాత వేడి రొట్టెలు పెట్టాను.
గాలి డబ్బులు మాత్రం పైసా తగ్గించలేదు.

ఇప్పుడు రాత్రి కంప్రెసర్ ఆపేశాక,
కోళ్ళు బెదిరి, సర్దుకున్నాక,
పొయ్యి పక్కన కాసేపు కూర్చుంటాను.
అది అక్కడ, బోర్లా, నోటినిండా గాలితో.
చెవి పెట్టి వినను. అంత పిచ్చి లేదు.
బూడిద ఎత్తేటప్పుడు మాత్రం
చేట నేలకి తగలనివ్వను.