గీతలు పడ్డ సరుకు

యుద్ధకాలపు పత్రికల్లో వాన కురవదు.
శత్రు విమానాలకి దారి చెప్పినట్టవుతుందని
వాతావరణాన్ని నిషేధించారట.
దాదాపు ఆరేళ్లు ఇంగ్లండులో
అచ్చులో రేపటి మబ్బు ఒక్కటీ లేదు.

ఈ సంగతి చెప్పినవాడు క్లిఫర్డ్ స్టాథర్స్.
హల్ రేవులో చేపల పెట్టెలు మోసి మోసి
ఒక భుజం కిందికి దిగిపోయిన మనిషి.
హెస్ల్ రోడ్డులో అతని ముందుగది నిండా
పత్రికల కట్టలు.
కూర్చోడానికి ఒకటే కుర్చీ, అందులో పిల్లి.

శనివారాలు అక్కడ నిలబడే చదువుతాను.
ఇది నాకు పాత రోగం.
మరమరాలు అయిపోయాక పొట్లం విప్పి
సగం వార్త చదివి,
మిగతా సగం ఎవరి పొట్లంలోకి పోయిందోనని
నిద్రపట్టని పిల్లదాన్ని.

క్లిఫర్డ్ లెక్కలు క్లిఫర్డ్‌వి.
గెలుపు వార్తకి నలభై పౌండ్లు.
మునిగిన ఓడకి పాతిక.
ఏమీ జరగని మంగళవారానికి రెండు.
ఏదైనా సరే, అంచు పట్టుకుంటే
అప్పడంలా విరుగుతుంది,
ఊపిరి బిగబట్టి తిప్పాలి.

ఊరు తగలబడ్డ మర్నాటి పత్రికలో
ఊరి పేరు లేదు.
ఈశాన్య తీరాన ఒక పట్టణం, అని వేశారు.
రాత్రంతా బకెట్లు అందించినవాళ్లు
కనుబొమల మీద మసి తుడుచుకుని
ఆ పట్టణమేదో, పాపం, అనుకుంటూ
చదువుకోవాలి కాబోలు.

పోయిన వారం కాలితో ఒక అట్టపెట్టె తోశాడు.
"గీతలు పడ్డ సరుకు. మొత్తం పది ఇచ్చి పట్టుకుపో."
ఎవరిదో ఇల్లు బాగుచేయిస్తుంటే
లినోలియం కింద దొరికాయట.

పెట్టెని కోటులో దాచుకుని బస్సెక్కాను.
ప్రతి పత్రిక మూలా పేపరువాడు రాసిన ఇంటి నంబరు, పద్నాలుగు.
దాని పక్కన ఇంకో చెయ్యి, పెన్సిలు,
చీమల్లాంటి అక్షరాలు:

జల్లు.
పొగమంచు, ఎదుటి గుమ్మం కనబడలేదు.
ఎండ. నమ్మబుద్ధి కాలేదు.
గాలి, దుప్పటి ఎగిరి పక్కవాళ్ల దొడ్లో పడింది.

ఆడో మగో తెలీదు.
దుప్పటి గోల చూసి ఆడమనిషే అనుకున్నాను.
ప్రభుత్వం దాచేసిన ఆకాశాన్ని
రోజుకో ముక్క చింపి
పత్రిక అంచున దాచుకున్న మనిషి.
ఎవరి కంటైనా పడితే గూఢచారి అనేవారేమో!
ఏ శత్రువుకీ చేరని రహస్యాలు
ఎనభై ఏళ్లు ఆలస్యంగా
పదకొండో నంబరు బస్సులో నాకు చేరాయి.

మే నెల వచ్చింది.
ఊరు కాలిన రాత్రుల తర్వాత
అంచులు ఖాళీ.
పదకొండు పత్రికలు, పెన్సిలు తాకలేదు.
లోపలి పేజీల్లో చావు ప్రకటనలన్నీ చదివాను,
పద్నాలుగు నంబరు కోసం.
ఇంటిపేరు తెలీకుండా ఎవర్ని వెతుకుతాను?
నేను దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

పన్నెండోదాని మీద మళ్లీ ఆ చెయ్యే,
కొంచెం వంకరగా,
రెండు మాటలు:
బట్టలు ఆరాయి.

ఇంటికొచ్చి క్లిఫర్డ్‌కి ఫోను చేశాను,
ఇంకో ముప్ఫై ఇస్తానన్నాను.
గీతల సరుక్కి అంతెందుకు, అన్నాడు.
ఏం చెప్పాలో తోచక
మీ వైపు వానేనా, అని అడిగాను.
ఉండు చూస్తాను, అని
ఫోను బల్ల మీద పెట్టి
కట్టల మధ్య నుంచి కిటికీ దాకా
మెల్లిగా నడిచి వెళ్లాడు.